సద్ది గిన్నెలో వేడి చేసిన నెత్తురు

ఆ పొద్దున మా ఆయన మల్లేశంతో నేను గట్టిగానే కొట్లాడాను. రాత్రంతా వాన పడి తాటిచెట్లు ఇంకా నీళ్లోడుతున్నాయి. మాది చంద్లాపూర్. రంగనాయక సాగర్ కట్ట కింద మా చెట్లు. మేం గౌడులం, చెట్టెక్కి కల్లు దించి అమ్మితేనే పూట గడుస్తుంది.

"ఇయ్యాల ఎక్కకు, చెట్టు జారుతది" అన్నాను.

"దించకపోతె లొట్లల్ల కల్లు పులుస్తది. నీ నోట్లెకెల్లి ఒక్కనాడన్న మంచి మాట రాదా?" అని మోకు భుజాన వేసుకుని నవ్వుకుంటూ పోయాడు. చెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడునే మోకు అంటాం. చెట్టుకు కట్టే కల్లు కుండలే లొట్లు.

నాకు ఒళ్లు మండింది. "పడితె నేను రాను, సూడు!" అని వెనక నుంచి అరిచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరూ మంచిది కాదు, చెయ్యీ మంచిది కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఆయన సద్ది గిన్నెలో పెట్టుకుని చెట్ల దగ్గరికి బయల్దేరాను. దారిలోనే నా మరిది శ్రీను ఎదురొచ్చాడు. "వదినే, అన్న పడ్డడు!" అన్నాడు. గిన్నె చేతిలో ఉండగానే ఉరికాను. ఆయన బురదలో వెల్లకిలా పడి ఉన్నాడు. కుడికాలు పక్కకు తిరిగిపోయింది. నోటినిండా మట్టి. అరవడం లేదు, మూలుగుతున్నాడు. లేపబోతే అప్పుడు అరిచాడు. ఆ అరుపు ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది.

ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. సిద్దిపేట దాకా ఎన్ని గుంతలున్నాయో ఆ రోజు ఆయన ఒంటితో లెక్క తేలింది. ఒక్కో గుంతకు ఒక్కో కేక. ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర నొప్పికి తాళలేక నా ముంజేయి పట్టుకుని కొరికాడు. పండ్లు దిగి నెత్తురొచ్చింది. నేను చెయ్యి లాక్కోలేదు. ఆ గాటు ఇంకా ఉంది.

బస్టాండ్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. డాక్టర్ సారు ఆయన నడుం రెండు పక్కలా చేతులు పెట్టి కాస్త నొక్కేసరికి మనిషి మంచం మీద ఎగిరిపడ్డాడు. "పెల్విస్ ఫ్రాక్చర్" అన్నారు సారు. "లోపల బ్లీడింగ్ అవుతోంది. బీపీ పడిపోతోంది." వెడల్పాటి పట్టీ ఒకటి నడుముకు బిగించారు. కాసేపటికి రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ ఆరు. గ్రూపు బి నెగెటివ్.

"ఆపరేషన్ చేస్తరా సారూ?" అని అడిగాను.

"ముందు మనిషి నిలబడాలమ్మా. బ్లడ్ ఎక్కాలి. రెండు బ్యాగులు వెంటనే తీసుకురండి, ఇంకో రెండు రెడీగా పెట్టమనండి. దొరకని గ్రూపు ఇది."

శాంపిల్ ట్యూబు, కాగితం పట్టుకుని ఆటోలో బ్లడ్ సెంటర్‌కు పోయాను. అక్కడి టెక్నీషియన్ పేరు రమేశ్. ముప్పై ఏళ్లుంటాయి, బక్కపలచని మనిషి, తొందరే తెలియని మనిషి. క్రాస్‌మ్యాచ్ చెయ్యాలన్నాడు, మా ఆయన నెత్తురుతో అది కలుస్తుందో లేదో చూసే పరీక్ష. నేను అద్దం మీద అరచేత్తో బాదాను. "ఆడ నా మనిషి సస్తుండు, నువ్వు ఈడ నీళ్లు కలుపుకుంట కూసున్నవా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయలేను.

"అక్కా, పరీక్ష చెయ్యకుంట ఇస్తె నేనే సంపినట్టయితది" అని మాత్రం అన్నాడు. పని అయ్యాక రెండు బ్యాగులూ ఐస్ ప్యాకులు పెట్టిన థర్మాకోల్ బాక్సులో సర్ది నా చేతికిచ్చాడు. "మూత తియ్యకు. దారిల యాడ ఆగకు. సిస్టర్ చేతికే ఇయ్యి. ఇచ్చిన టైం కాగితం మీద రాసిన" అన్నాడు. నేను సగమే విన్నాను. బాక్సు గుంజుకుని బయటపడ్డాను.

దవాఖానకు వచ్చేసరికి ఆయన్ను సీటీ స్కాన్‌కు తీసుకుపోయారు. సిస్టర్ కూడా వెంట పోయింది. కౌంటర్‌లో ఉన్నామె, "ఆడ కూసోండ్రి, సిస్టర్ వచ్చినంక తీస్కుంటది" అంది. బాక్సు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. అప్పటికి మా అత్త ఊరి నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆయన్ను స్కాన్ నుంచి తెచ్చారు. వణుకుతున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి, రెండు దుప్పట్లు కప్పినా పండ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన్ను ఐసీయూలోకి తోసి తలుపేశారు. అత్తకు మనసు ఆగలేదు. నా ఒళ్లో ఉన్న బాక్సు మూత తీసి లోపల చెయ్యి పెట్టి, కాలినట్టు వెనక్కి లాక్కుంది.

"మంచు లెక్కున్నదే పద్మా! వాడు అసలే సలికి సస్తుంటె గీ సల్లటి నెత్తురు ఎక్కిస్తరా? ఉన్న పానం గుడ పోతది."

మా ఇంట్లో ఎవరికి వణుకొచ్చినా మొదట చేసేది కాపడం. ఉప్పు మూటో, ఇటుక ముక్కో వేడి చేసి ఒంటికి అద్దుతాం. చలితో ఉన్న మనిషికి చల్లనిది తాకనివ్వం. అత్త మాట నాకు న్యాయంగానే తోచింది. రమేశ్ చెప్పింది గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తుకొచ్చింది. "వానికేం తెలుసు, వాని అన్ననా, వాని కొడుకా" అనుకున్నాను.

సద్ది గిన్నెలో అన్నం మోరీలో పారబోశాను. కింద క్యాంటీన్‌లో చాయ్ కోసం మరుగుతున్న నీళ్లు గిన్నెనిండా పోయించుకున్నాను. ఒక బ్యాగ్ తీసి అందులో వేసి మూత పెట్టాను. నీళ్లు చల్లారితే మళ్లీ పోయించాను. మూడోసారి తీసి చూస్తే, నేరేడుపండు రంగులో చిక్కగా ఉన్నది ఎర్రగా, పలచగా మెరిసింది. "ఆఁ, ఇగ నరాల్లకు మంచిగ పోతది" అంది అత్త. కొంగుతో తుడిచి, చంటిపిల్లను పట్టుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని కూర్చున్నాను.

సిస్టర్ ఐసీయూ తలుపు తీసి "బ్లడ్ ఏదమ్మా?" అంది. అప్పటికి పై వేడి తగ్గిన ఆ బ్యాగ్‌ను, రెండోది ఉన్న బాక్సును ఇచ్చాను. పేరు, గ్రూపు, నంబరు ఇద్దరు సిస్టర్లు కలిసి చదువుకున్నారు. అన్నీ సరిపోయాయి. ఎక్కించారు.

పావుగంట కాలేదు. లోపల్నుంచి ఇనుప మంచం దడదడలాడిన చప్పుడొచ్చింది. తలుపు నెట్టుకుని పోయాను. ఆయన ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది. విరిగిన నడుం మంచానికి కొట్టుకుంటోంది. చెయ్యి విసిరిన విసురుకు సెలైన్ స్టాండు కూలి గోడకు తగిలింది. కింది పెదవి కొరుక్కుని గదవ మీదంతా నెత్తురు. "నడుం... నడుం కాలుతుంది" అంటున్నాడు. మంచానికి వేలాడే యూరిన్ బ్యాగ్‌లోకి ఎర్రగా, నల్లగా దిగుతోంది.

"స్టాప్! బ్లడ్ ఆపండి!" అని సారు అరిచారు. "క్లాంప్ చేయండి. సెలైన్ పెట్టండి. ఎక్కడిదీ బ్లడ్?"

ఆ ఒక్క మాట చాలు నాకు. బ్లడ్ సెంటర్ వాడు తప్పుడు నెత్తురు ఇచ్చాడని తీర్మానించేశాను. సిస్టర్ ఆ బ్యాగ్‌ను, కొత్తగా తీసిన శాంపిళ్లను, మిగిలిన రెండో బ్యాగ్‌ను కవర్లలో పెట్టి, వెంటనే సెంటర్‌కు చేర్చాలని చెప్తోంది. నేను అవన్నీ లాక్కుని శ్రీను బండి ఎక్కాను. సద్ది గిన్నె కూడా నా చేతిలోనే ఉంది. ఎందుకుందో నాకే తెలియదు.

బ్లడ్ సెంటర్‌లో రమేశ్ ఎవరికో ఫారం నింపుతున్నాడు. తలెత్తి "ఏమైందక్కా?" అన్నాడు. నేను స్టీలు గిన్నె ఎత్తి మొహం మీద కొట్టాను. అంచు తగిలి కనుబొమ్మ చీలింది. రెండోసారి కొట్టాను, అడ్డం పెట్టిన చేతికి తగిలింది. నెత్తురు కంట్లోకి కారి, చొక్కా మీద పడి, అతను నింపుతున్న ఫారం మీద పడింది. "నా మొగన్ని సంపినవ్ గదరా!" అని గొంతు చిరిగేలా అరిచాను.

ఆ మనిషి గోడకు ఆనుకుని, ఒక కన్ను మూసుకుని నన్ను ఒకటే అడిగాడు. "బ్యాగ్ ఏది అక్కా? బ్యాగ్ తెచ్చినవా?"

కవరు రమేశ్ మీదికి విసిరాను. నెత్తురు కారుతుండగానే దాన్ని పట్టుకుని లోపలికి పోయాడు. అక్కడి డాక్టర్ మేడం బయటికొచ్చి నన్ను చూసి మళ్లీ లోపలికి పోయింది. పోలీసులకు ఎవరో ఫోన్ చేస్తున్నారు. బయట మా ఊరి వాళ్లు బండ్ల మీద వచ్చి మూగారు. శ్రీను రాయి తీసి విసిరాడు. వాకిలి అద్దం భళ్లున పగిలింది. నెత్తురు ఇవ్వడానికి వచ్చి కూర్చున్న ఒక పెద్దాయన కాలి మీద గాజుపెంకు పడింది.

లోపల మేడం ఫోన్ స్పీకర్‌లో పెట్టి మా డాక్టర్ సారుతో మాట్లాడుతోంది. తలుపు దగ్గరే ఉన్న నాకు అన్నీ వినిపిస్తున్నాయి.

"గ్రూపు కరెక్టే. క్రాస్‌మ్యాచ్ మళ్లీ చేశాం, కరెక్టే. కూంబ్స్ టెస్ట్ నెగెటివ్. కానీ ఈ బ్యాగ్‌లో రెడ్ సెల్స్ పగిలిపోయాయి డాక్టర్. పైన తేరినదంతా ఎర్రగా ఉంది. రెండో బ్యాగ్ చూడటానికి అలా లేదు."

"పేషెంట్ కిడ్నీలు దెబ్బతినేలా ఉన్నాయి. హిమోగ్లోబిన్ ఇంకా పడిపోతోంది. ఇంకో బ్యాగ్ కావాలి నాకు."

"బి నెగెటివ్ ఇంకా రెండే ఉన్నాయి. రెండూ అదే ఫ్రిజ్‌లోవి. ఫ్రిజ్‌లో లోపమేమో తేలేదాకా అందులోవి ఏవీ ఇవ్వకూడదు. హైదరాబాద్ నుంచి తెప్పించాలి. మా దగ్గర ఇచ్చిన టైం ఉంది. మీరు మొదలుపెట్టిన టైం చెప్పండి."

సారు చెప్పారు. మేడం కాగితం చూసింది. "మధ్యలో గంటకు పైగా ఉంది. ఆ గంట బ్యాగ్ ఎక్కడుంది?" అంటూ తల తిప్పి నా వైపు చూసింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. గిన్నె చేతిలోనే ఉంది. అది చూస్తేనే అర్థమైపోయింది, ఏం చేశానో. మొగుణ్ని నేనే ఉడకబెట్టుకున్నాను. చెప్తే ఏమవుతుంది? బయట ఉన్నవాళ్లు నన్ను బతకనిస్తారా? అత్త ఏమవుతుంది? "నాకు తెల్వది" అన్నాను. గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డాను. హైదరాబాద్ నుంచి బ్యాగ్ రావాలంటే రెండు గంటలన్నా పడుతుంది, ఆయన అన్ని గంటలు ఉండడు. అదీ తెలుసు నాకు. అయినా గడియారం ముల్లు పది నిమిషాలు జరిగేదాకా చూస్తూనే ఉన్నాను.

రమేశ్ నా ముందుకొచ్చాడు. కనుబొమ్మకు దూది అదిమి పట్టుకున్నాడు, అది పూర్తిగా ఎర్రబడింది. "అక్కా, నన్నింక రెండు దెబ్బలు కొట్టినా సరే. బ్యాగ్ ఏడ పెట్టినవో చెప్పు. ఫ్రిజ్ మంచిగనే ఉన్నదని తేలితె బావకు ఇప్పుడే బ్యాగ్ ఇస్త."

బావ అన్నాడు. నేను మొహం పగలగొట్టిన మనిషి.

"గీ గిన్నెలనే" అన్నాను. "ఉడుకు నీళ్లు పోసిన. మూడు మాట్ల పోసిన. నేనే."

మేడం పోయి ఫ్రిజ్ చార్టు చూసి వచ్చింది. తర్వాత ఫోన్‌లో "థర్మల్ హీమోలిసిస్. అటెండెంట్ వేడి చేశారు. ఫ్రిజ్ చార్టు చూశాను, సరిగ్గానే ఉంది. బ్యాగులు పంపిస్తున్నా" అంది.

నేను బయటికి నడిచాను. పగిలిన అద్దం దగ్గర నిలబడి "వాళ్ల తప్పు లేదు, నేను చేసిన" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అరిచాను. శ్రీను రాయి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. విషయం చెప్పాను. రాయి కిందపడేసి నా చెంప ఫెడీమనిపించాడు. వదినె మీద వాడు చెయ్యెత్తడం అదే మొదలు, అదే చివర. ఆ దెబ్బ ఒప్పనీ అనను, తప్పనీ అనను. ఆ రోజు దెబ్బలు నేనే మొదలుపెట్టాను.

రమేశ్ కుట్లు వేయించుకోకుండా, పట్టీ ఒకటి అంటించుకుని, బాక్సు తానే పట్టుకుని ఆటో ఎక్కాడు. పక్కన నేనున్నా, దారంతా బాక్సు మూత మీది నుంచి చెయ్యి తీయలేదు. ఐసీయూ దగ్గర సిస్టర్ చేత బాక్సు తెరిపించి, టైం రాయించి, సంతకం పెట్టించుకున్నాకే వెళ్లి కుట్లు వేయించుకున్నాడు. ఏడు కుట్లు పడ్డాయి. ఆ రెండు బ్యాగులూ మా ఆయన ఒంటికి పట్టాయి. బీపీ నిలబడింది.

అయితే కష్టం అంతటితో పోలేదు. మూడో రోజుకు యూరిన్ ఆగిపోయింది. క్రియాటినిన్ పెరుగుతూ పోయింది. "పగిలిన సెల్స్ కిడ్నీలను దెబ్బతీశాయి. డయాలసిస్ చేయాలి" అన్నారు సారు. అయిదుసార్లు చేశారు. మెడలో గొట్టం పెట్టేటప్పుడు ఆయన్ను ముగ్గురు అదిమి పట్టుకోవాల్సి వచ్చింది. నడుముకు బయటి నుంచి ఇనుప కమ్మీలు దిగ్గొట్టి బిగించారు, ఫిక్సేటర్ అంటారు. అవి కదిలినప్పుడల్లా బూతులు తిట్టేవాడు. తిట్టినప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది. అత్త మాత్రం మూలన కూర్చుని తన చెయ్యి తాను కొట్టుకునేది. "గీ చెయ్యే బాక్సుల పెట్టిన" అని ఏడ్చేది. ఎన్నిసార్లు పట్టుకుని ఆపానో లెక్క లేదు.

తెలివి బాగా వచ్చిన రోజు ఆయన నన్ను చూసి అన్న మొదటి మాట, "పడితె రానంటివి గదా?" నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గిన్నె సంగతి అప్పుడే చెప్పేశాను. అంతా విని "సద్ది పారబోసినవా? ఏం కూర ఉండె?" అన్నాడు.

రమేశ్‌ను క్షమించమని అడగడానికి పోయాను. "కోపం లేదక్కా. కేసు మాత్రం వాపస్ తీస్కోను" అన్నాడు. "నువ్వు కొట్టినవని నేను ఊకుంటె రేపు ఇంకొకడు కత్తి పట్టుకొని వస్తడు." న్యాయమే. ఇప్పుడు నేనూ శ్రీనూ కోర్టుకు వాయిదాలకు తిరుగుతున్నాం. సాక్ష్యానికి వచ్చిన రమేశ్ వరండాలో మా బల్ల మీదే కూర్చున్నప్పుడు, "బావ క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతాడు. కనుబొమ్మ మీద మచ్చలో వెంట్రుకలు మొలవలేదు.

ఆ దవాఖాన సారూ బ్లడ్ సెంటర్ మేడమూ తర్వాత కూర్చుని మాట్లాడుకున్నారట. "బాక్సు మీ చేతుల్లో అంతసేపు ఉండనివ్వడం మా పొరపాటు కూడా" అని సారే నాతో అన్నారు. ఇప్పుడు బాక్సు మూతకు ఎర్ర టేపు వేసి పంపుతున్నారు. సిస్టర్ తప్ప ఎవరూ చింపకూడదు. అందుకున్న టైం సెంటర్‌కు ఫోన్‌లో పంపాలి. మాలాంటి వాళ్ల చేతికి ఇవ్వకుండా వీలైనప్పుడల్లా సెంటర్ మనిషే తెస్తున్నాడు. ఆ టేపును అక్కడ పద్మ టేపు అంటారట. నా పేరు అలా నిలిచింది.

మా ఆయన ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. కిడ్నీలు పనిచేస్తున్నాయి, మూడు నెలలకోసారి పరీక్ష. చెట్టెక్కడు. శ్రీను దించిన కల్లు కట్ట దగ్గర కూర్చుని అమ్ముతాడు. లొట్లకు ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కప్పేది నేనే. పెళ్లయిన నాటి నుంచీ అదే పని. వేడి తగిలితే కల్లు చెడుతుందని తెలిసిన చేతులివి. కల్లుకు చేసినపాటి మర్యాద నెత్తురుకు చేయలేకపోయాను.

మొన్న నేనూ బ్లడ్ ఇచ్చాను. మొదటిసారి పోతే హిమోగ్లోబిన్ తక్కువని తిప్పి పంపారు. ఐరన్ గోళీలు మింగి మళ్లీ పోయాను. సూది పెట్టింది రమేశే. నిండిన బ్యాగ్‌ను ఒక్కసారి తాకనిచ్చాడు. వెచ్చగా ఉంది. "ఇగ దీన్ని సల్లగ దాస్త. సల్లగుంటేనే దీంట్ల పానముంటది" అని లోపలికి తీసుకుపోయాడు.

దవాఖానకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. బ్లడ్ బ్యాగ్ మీ చేతికొస్తే ఆ టైం పెన్నుతో అరచేతిలో రాసుకోండి. మూత తీయకండి, వేడి చేయకండి, ఇంట్లో ఫ్రిజ్‌లోనూ పెట్టకండి, నేరుగా సిస్టర్ చేతిలో పెట్టండి. పొరపాటున ఏదైనా చేస్తే వాళ్లు అడగకముందే చెప్పండి. ఆ రోజు గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాకే నేను నిజం చెప్పాను. వేడినీళ్లు తెలియక పోశాను. ఎన్నడూ మూతపడని ఈ నోరు ఆ పది నిమిషాలు మాత్రం తెలిసే మూసుకున్నాను.